అన్నయ్య సూట్‌కేసులో పట్టేదే కొనండి

ప్రశ్న: నమస్కారం సార్. మాది సికింద్రాబాద్. పదేళ్లు బేస్ గిటార్ వాయించి, రెండేళ్ల కిందట డబుల్ బేస్‌కి (నిలబెట్టి వాయించే, పెద్ద వయొలిన్ లాంటిది) మారాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, త్రీ-ఫోర్త్ సైజు, ప్లైవుడ్ బాడీ. దాంతో వచ్చిన స్టీలు తీగలే ఇంకా ఉన్నాయి. బాడీకి అంటించే డిస్క్ పికప్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. ఆదివారాలు చర్చిలో కోయర్‌తో బో (కమాను) పట్టి వాయిస్తాను. శనివారం సాయంత్రాలు ఒక హోటల్లో పియానో, డ్రమ్స్‌తో కలిసి జాజ్. చర్చిలో పికప్‌ని నేరుగా మిక్సర్‌లో పెడితే రేకు డబ్బా కొట్టినట్టుంటుంది. హోటల్లో 10 అంగుళాల బేస్ యాంప్‌లో పెడితే ధ్వని పర్వాలేదు గానీ, డ్రమ్స్ ఊపందుకున్నాక వాల్యూమ్ కాస్త పెంచితే చాలు, ఊఁ అని కూత. ఆ టెన్షన్‌తో సగం పాటకి చెయ్యి నాబ్ మీదే ఉంటుంది. డిసెంబర్‌లో మా అన్నయ్య న్యూజెర్సీ నుంచి వస్తున్నాడు. స్పిరోకోర్ తీగలు, మంచి పికప్, 15 అంగుళాల క్యాబినెట్ కొనాలని ఉంది. మూడింటికీ డబ్బు సరిపోదు. ముందు ఏది కొనమంటారు?

జవాబు: క్యాబినెట్ వద్దు. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతాది తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

మీకున్నవి రెండు వేర్వేరు జబ్బులు. రెండింటికీ ఒకటే మందు వెతుకుతున్నారు. చర్చిలో వచ్చేది ఒకటి, హోటల్లో వచ్చేది ఇంకొకటి.

చర్చి సంగతి ముందు చూద్దాం. మీరు అంటించిన డిస్క్ పియెజో పికప్. ఒత్తిడి పడితే కాస్త విద్యుత్తు పుట్టే బిళ్ల. ఆ పుట్టేది అతి స్వల్పం. దాన్ని మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో పెట్టడం ఎలాంటిదంటే, సన్నగా వచ్చే నల్లా కింద చిల్లు బిందె పెట్టినట్టు. నిండేలోపే కారిపోతుంది. అందులోనూ మెల్లగా కదిలే మంద్ర స్వరాలే ముందు కారిపోతాయి, చురుగ్గా ఉండే పై ధ్వనులు మిగులుతాయి. ఆ మిగిలినదే మీకు వినిపిస్తున్న రేకు డబ్బా.

బేస్ గిటార్ నుంచి వచ్చారు కాబట్టి లెక్క కూడా చెబుతాను. ఇలాంటి డిస్కుల కెపాసిటెన్స్ సుమారు 20 నానోఫారడ్లు, మిక్సర్ లైన్ ఇన్‌పుట్ నిరోధం 20 కిలో ఓమ్‌లు అనుకుందాం. మామూలుగా 10కీ 50కీ మధ్య ఉంటుంది. ఈ రెండూ కలిస్తే 400 హెర్ట్జ్ నుంచి కిందికి ధ్వని జారిపోతుంది. మీ బేస్ మీద ఓపెన్ జి-తీగ 98 హెర్ట్జ్. డి 73, ఎ 55, అన్నిటికంటే లావుపాటి ఇ-తీగ 41. అంటే నాలుగు తీగల అసలు స్వరాలూ ఆ జారుడుబండ మీదే ఉన్నాయి. అదే డిస్క్‌ని 1 మెగాఓమ్ ఇన్‌పుట్‌లో పెట్టండి, జారుడు 8 హెర్ట్జ్ దగ్గరికి దిగిపోతుంది. ఇక అడ్డే లేదు. హోటల్లో బేస్ యాంప్‌లో పెడితే ధ్వని పర్వాలేదనిపించడానికి కారణం ఇదే. బేస్ యాంప్‌ల ఇన్‌పుట్ సాధారణంగా ఆ మెగాఓమ్ చుట్టుపక్కలే ఉంటుంది.

బ్రిడ్జి (తీగల్ని పైకెత్తి పట్టే చెక్క వంతెన) చీలికలో పెట్టే సన్న పికప్‌ల కెపాసిటెన్స్ ఇంకా తక్కువ. 1 నానోఫారడ్ ఉన్నదైతే 1 మెగాఓమ్ కూడా చాలదు, 160 హెర్ట్జ్ నుంచే కారడం మొదలు. కొన్ని ప్రీయాంప్‌ల (పికప్‌కీ యాంప్‌కీ మధ్య పెట్టే చిన్న పెట్టెల) మీద 10 మెగాఓమ్‌లు అని రాసి ఉండేది గొప్పకి కాదన్నమాట.

మరి చర్చికి ఏం కొనాలి? నా మాట వింటే ఏమీ కొనక్కర్లేదు. కోయర్ పక్కన డ్రమ్స్ లేవు, మీరు వాయించేది బో. బో ధ్వనిని పియెజో ఎప్పుడూ ముక్కుతో పాడినట్టే పలికిస్తుంది. కాబట్టి అక్కడ పికప్ పీకేసి మైకు పెట్టండి. పాటకి వాడే మామూలు డైనమిక్ మైకు ఏ చర్చిలోనైనా ఒకటి ఖాళీగా ఉంటుంది. దాన్ని స్పాంజి ముక్కతో చుట్టి, బ్రిడ్జికి కిందుగా, తీగలకీ పైచెక్కకీ మధ్యనున్న సందులో, మూతి బ్రిడ్జి వైపు చూసేలా గట్టిగా ఇరికించండి. చూడ్డానికి మందులషాపు కట్టులా ఉంటుంది, కానీ పాతకాలపు బేసిస్టులంతా చేసిన పనే. స్టాండ్ దొరికితే ఇంకా మంచిది. బ్రిడ్జికి జానెడు దూరంలో పెట్టండి. ఎఫ్-హోల్‌కి (పైచెక్క మీది f ఆకారపు రంధ్రానికి) ఎదురుగా మాత్రం వద్దు, అక్కడ గుమ్మటంలా మోగుతుంది.

ఇక హోటల్ కూత. అసలు కథ ఇక్కడుంది.

మీ బేస్ బాడీ మనిషంత మైకు. స్పీకర్ నుంచి వచ్చిన ధ్వని పైచెక్కని కదిలిస్తుంది, చెక్క మీది పికప్ దాన్ని మళ్లీ యాంప్‌కి పంపుతుంది, యాంప్ మళ్లీ స్పీకర్‌కి. ఈ చక్రం ఏ స్వరం దగ్గర సులువుగా తిరుగుతుందో ఆ స్వరం దగ్గర కూత పుడుతుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే మోగినట్టే, డబుల్ బేస్ లోపలి గాలి కూడా ఎఫ్-హోల్స్ మీదుగా 60 హెర్ట్జ్‌కి అటూ ఇటూ ఒకచోట మోగుతుంది. పైచెక్కకి 100 హెర్ట్జ్ ప్రాంతంలో ఇంకో మోత ఉంటుంది. మీరు రాసిన 'ఊఁ' మొదటిదే అయ్యుండాలి.

ఈ గొడవ మీతో మొదలైంది కాదు. 1946లో న్యూయార్క్‌లో ఎవరెట్ హల్ అనే బేసిస్టు, నేల మీద ఆనే ఎండ్‌పిన్‌కి మైకు బిగించి, దాన్ని బేస్ కడుపులోకి దూర్చాడు. ఆంప్లిఫైడ్ పెగ్ అన్న ఆ మాట కుదించుకునే ఆంపెగ్ కంపెనీ పేరు పుట్టింది. మైకుని డబ్బా లోపలే పెడితే డబ్బా మోత మొత్తం దానికే ముందు వినిపిస్తుందని మీకిప్పుడు వేరే చెప్పక్కర్లేదు. 1951లో లియో ఫెండర్ ఆ డబ్బానే తీసిపారేసి, గట్టి చెక్క దిమ్మతో ప్రెసిషన్ బేస్ అనే ఎలక్ట్రిక్ బేస్ గిటార్ తెచ్చాడు. లోకమంతా అటు వెళ్తే మీరు అటునుంచి ఇటు వచ్చారు. సంతోషం, కానీ డబ్బాతో పాటు దాని మోతా మీదే.

వచ్చే శనివారం అరగంట ముందు వెళ్లండి. మొదట యాంప్‌ని నేల మీంచి తీసి కుర్చీ మీద పెట్టండి. మన చెవులు మోకాళ్లలో లేవు. నేల మీది యాంప్ మీకు సరిగా వినిపించదు కాబట్టి పెంచుతారు, అప్పటికే ముందు టేబుళ్ల వాళ్లు చెవులు మూసుకుంటుంటారు. పైగా నేలా గోడా కలిసే మూల మంద్రాన్ని ఊరికే ఉబ్బిస్తుంది. అక్కణ్నించి కదిలించినా కొంత మేలే. స్పీకర్, బేస్ పైచెక్క ఎదురెదురుగా ఉండకుండా చూడండి. మీ పక్కన, కొంచెం ముందుకి ఉంటే మంచిది. వేదిక చెక్క పలకలదైతే ఎండ్‌పిన్ కింద మందపాటి రబ్బరు ముక్క వేయండి. రిసెప్షన్ స్టేజీల్లాంటి బోలు పలకలు తామే ఒక పెద్ద డ్రమ్ము.

ఆ తర్వాత తీగల్ని అరచేత్తో మూసి వాల్యూమ్ మెల్లగా పెంచండి. కూత లేవబోతుండగా అది ఏ స్వరమో బేస్ మీద వెతికి పట్టుకోండి. చాలా బేసుల్లో ఎ-తీగ మీద మొదటి రెండు మూడు స్వరాల్లోనే దొరుకుతుంది. ఆ స్వరం తెలిస్తే సగం పని అయినట్టే. ప్రీయాంప్‌లో నాచ్ ఫిల్టర్ ఉంటే సరిగ్గా అక్కడ పెట్టి తగ్గిస్తారు. ఫేజ్ బటన్ ఉంటే నొక్కి చూస్తారు. స్పీకర్ నెట్టేటప్పుడు చెక్క లాగేలా తిరగబడితే కూత ఆ స్వరం దగ్గర ఆగిపోతుంది. ఇంకోచోట లేస్తే లేవచ్చు, కానీ తరచుగా అది ఇంకా ఎక్కువ వాల్యూమ్ దగ్గర. ఎఫ్-హోల్స్‌లో స్పాంజి కుక్కేవాళ్లూ ఉన్నారు. పని చేస్తుంది. అందంగా మాత్రం ఉండదు.

వీటన్నిటికంటే ముందు కావాల్సింది హై-పాస్ ఫిల్టర్. ఒక హద్దు కింది ధ్వనిని కోసేసే నాబ్. చాలా మిక్సర్లలో లో కట్ అనే బటన్‌గా ఉంటుంది, 80 లేదా 100 హెర్ట్జ్ దగ్గర. హోటల్లో సౌండ్ చూసే అబ్బాయి మీ ఛానెల్‌ని పెద్ద సబ్‌వూఫర్లలోకి పంపుతుంటే ఆ బటన్ నొక్కమని చెప్పండి. ఇక్కడ మీరు ఉలిక్కిపడతారని తెలుసు. 41 హెర్ట్జ్ ఇ-తీగ వాయించేవాణ్ని 80 దగ్గర కోసుకోమంటాడేమిటని.

నేనూ అలాగే ఉలిక్కిపడ్డవాణ్నే. చెన్నైలో వాయించే రోజుల్లో, బేస్ అంటే 15 ఇంచే సార్ అని షాపులో అబ్బాయి అంటే నమ్మి, ఇద్దరు మోయాల్సిన 15 అంగుళాల బాక్సు కొన్నాను. మూడో అంతస్తులో ఇల్లు, లిఫ్ట్ లేదు. ఇంట్లో ఇ-తీగ మీటితే కిటికీ అద్దాలు గలగలలాడాయి, నేను మురిసిపోయాను. మొదటి కచేరీలో డ్రమ్మర్ కిక్ పెడల్ తొక్కినప్పుడల్లా నా బేస్ నా ప్రమేయం లేకుండానే మూలిగింది. రెండో సెట్‌కి యాంప్ ఆపేసి వాయించాను. అందరూ అదే బాగుందన్నారు.

అప్పుడు తెలుసుకున్నదేమిటంటే, డబుల్ బేస్ తానుగా 41 హెర్ట్జ్‌ని పెద్దగా పలకదు. దాని గాలి మోత 60 దగ్గరుంటే, అంతకన్నా చాలా కిందనున్న ధ్వనిని ఆ బాడీ బయటికి నెట్టలేదు. ఇ-తీగలో మనం వినేదాంట్లో చాలాభాగం దాని పై పొరలు: 82, 123, 164. వాటిని విని అడుగున 41 ఉందని మన చెవే పూరించుకుంటుంది. మైకు, యాంప్ లేకుండా మీ బేస్ ఎంత నిండుగా ఉందని మీరు మురిసిపోతారో, ఆ నిండుదనం ఇదే. అసలు వాయిద్యంలోనే అంతగా లేనిదాన్ని స్పీకర్‌లో వెతుక్కుంటూ 15 అంగుళాల బాక్సు కొనడం దేనికి? పికప్ మాత్రం అట్టడుగున ఉన్న చెత్తంతా పట్టుకుంటుంది. మీరు ఊగడం, కాలితో తాళం వేయడం, స్టేజీ అదురు. అవి యాంప్ బలాన్ని తినేస్తాయి, స్పీకర్ కోన్‌ని ఊరికే ముందుకీ వెనక్కీ ఊపుతాయి, కూతని పిలుస్తాయి. 40తో మొదలుపెట్టి, కూత ఆగేదాకా నాబ్ పైకి జరపండి. 60 దాటినా మీ ఇ-తీగ ఎక్కడికీ పోదు. సబ్‌వూఫర్లు ఉన్న హాల్లో 80 దాకా వెళ్లినా కొంపలేమీ మునగవు.

కాబట్టి అన్నయ్య సూట్‌కేసులో మొదట వేయించుకోవాల్సింది పియెజోకి తగిన ప్రీయాంప్. ఇన్‌పుట్ 1 మెగాఓమ్‌కి తగ్గకూడదు, 10 దాకా ఉంటే మరీ మంచిది. జరపగలిగే హై-పాస్, ఫేజ్ బటన్, నాచ్, మిక్సర్‌కి వెళ్లే డీఐ అవుట్‌పుట్ ఉండాలి. ఫిష్‌మన్ ప్లాటినం ప్రో లాంటివి ఈ కోవలోవే. అరచేతికి కాస్త పెద్దది, అంతే. ఇది మీ పాత డిస్క్‌తో కూడా పనిచేస్తుంది. మొదటి నెల పికప్ మార్చకుండా దీనితోనే వాయించి చూడమని నా సలహా. ఎవరి తప్పు ఎంతో అప్పుడే తెలుస్తుంది.

రెండోది పికప్. మీరు అడిగిన స్పిరోకోర్ కంటే ముందు ఇదే. అంటించే డిస్క్ ఎక్కడ అంటిస్తే అక్కడి చెక్క కబుర్లు చెబుతుంది, తీగ కబుర్లు తక్కువ. బ్రిడ్జి దగ్గరికి వెళ్తే తీగ మాట స్పష్టమవుతుంది, చెక్క మోత తగ్గుతుంది. మీ బ్రిడ్జి కాళ్లకి ఎత్తు సర్దుకునే చక్రాలు ఉంటే ఫిష్‌మన్ ఫుల్ సర్కిల్ చూడండి. ఆ చక్రం స్థానంలోనే కూర్చుంటుంది, మీటుడికీ బోకీ రెండింటికీ ఒదుగుతుంది. చక్రాలు లేకపోతే దానికోసం బ్రిడ్జిని కోయించాలి. మన దగ్గర డబుల్ బేస్ బ్రిడ్జి మీద చెయ్యి వేయగల పనివాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు, కాబట్టి ఆ పని వద్దు. అప్పుడు బ్రిడ్జి రెక్క చీలికలో ఇరికించే రకం, కే అండ్ కే బేస్ మ్యాక్స్ లాంటిది, హాయి. రంపం, ఉలి అక్కర్లేదు. డేవిడ్ గేజ్ వాళ్ల రియలిస్ట్‌కి మంచి పేరుంది. రాగి రేకు రూపంలో బ్రిడ్జి పాదం కింద పడుకుంటుంది, ముదురు ధ్వని. ప్లైవుడ్ కాకుండా గట్టి చెక్కని చెక్కి చేసిన బేసుల మీద చాలా బాగా విన్నాను. కానీ పైచెక్కని ఆనుకుని ఉండేది కాబట్టి, 60 దగ్గర ఇప్పటికే మూలుగుతున్న మీ ప్లైవుడ్‌కి, పక్కనే డ్రమ్స్ ఉన్నచోట, నేను సలహా ఇవ్వను. మాగ్నెటిక్ పికప్ కూతకి బాగా తట్టుకుంటుంది. కానీ అది పెట్టాక ధ్వని మీరు వదిలేసి వచ్చిన బేస్ గిటార్ వైపు నడుస్తుంది.

ఇక తీగలు. మీరు స్పిరోకోర్ అడిగారంటే అది జాజ్ వాళ్ల దగ్గర విన్న మాటే అయ్యుంటుంది. వియన్నాలో థోమాస్టిక్-ఇన్‌ఫెల్డ్ వాళ్లు చేసే ఆ తీగ మీటితే గంటలా సాగుతుంది, ఏళ్ల తరబడి చావదు. బో పెడితే మాత్రం జారుతుంది, గీరుతుంది. ఆదివారం కోయర్‌లో మంద్రంగా ఒక కీర్తన పట్టాలంటే ప్రతి స్వరం మొదట్లోనూ దాంతో కుస్తీ. శనివారానికి నూటికి నూరు, ఆదివారానికి పాస్ మార్కులు కూడా కష్టం. మీరు రెండు పడవల మీద కాళ్లు పెట్టిన మనిషి, అందుకు చేసిన తీగలే వేసుకోండి. డడారియో హెలికోర్ హైబ్రిడ్ నా మొదటి మాట. స్టీలే, బోకి లొంగుతుంది, మీటితే తగినంత సాగుతుంది. పిరాస్ట్రో వాళ్ల ఆబ్లిగాటో ఇంకా మెత్తన, లోపల సింథటిక్ కోర్, బో కింద వెన్న. కానీ స్టీలు తీగలంత కాలం నిలబడదు. ఒక సెట్ ధరకి నేర్చుకునే పిల్లాడికి గిటార్ కొనివ్వొచ్చు కాబట్టి ఆయుష్షు లెక్క కూడా లెక్కే.

గట్ తీగల (జంతువుల పేగుతో చేసేవి) మోజు ఎప్పుడో ఒకప్పుడు మీకూ వస్తుంది. జాజ్ బేసిస్టు చార్లీ హేడెన్ పై తీగలు గట్‌వి పెట్టి, కిందివి స్టీలు ఉంచుకునేవాడు, ఆ లోతు విన్నాక ఎవరికైనా వస్తుంది. కానీ ఏసీ హోటల్ నుంచి జూలై వానలోకి వచ్చిన గట్ తీగ శ్రుతిలో నిలవదు. లోహం కాదు కాబట్టి మాగ్నెటిక్ పికప్‌కి అది అసలు వినిపించదు కూడా.

తీగల బిగువు విషయంలో లైట్ లేదా మీడియం తీసుకోండి. స్టీలు సెట్లలో నాలుగు తీగలూ కలిసి వంద కిలోలకు పైగానే లాగుతాయి, ఆ బిగువంతా మీ ప్లైవుడ్ మీదే. గట్టిగా లాగే తీగ వేస్తే ధ్వని పెరుగుతుందనుకుంటాం. చాలాసార్లు పైచెక్క బిగుసుకుని గొంతు నొక్కుకుపోతుంది. యాంప్ ఉండగా మీరు గట్టిగా మీటక్కర్లేదు కాబట్టి తీగల ఎత్తు కూడా తగ్గించుకోవచ్చు. ఫింగర్‌బోర్డ్ చివర జి-తీగ కింద 6 మిల్లీమీటర్లు, ఇ-తీగ కింద 9 ఉంటే చేతికి సుఖం. మరీ కిందికి దించకండి, పియెజో ఆ గరగరని పదింతలు చేసి చూపిస్తుంది. మార్చేటప్పుడు ఒక్కొక్క తీగే మార్చండి. నాలుగూ ఒకేసారి విప్పితే బ్రిడ్జి పడుతుంది, దానితో పాటు లోపల పైచెక్కకీ వెనకచెక్కకీ మధ్య నిలబడే సౌండ్ పోస్ట్ అనే పుల్ల కూడా. ఎఫ్-హోల్‌లోంచి దాన్ని నిలబెట్టే పని పగవాడికి కూడా వద్దు.

క్యాబినెట్ మాట పూర్తిగా కొట్టేయను. రెండు మూడేళ్లకి పెద్ద హాళ్లు వస్తే, అప్పుడు ఇక్కడే కొనుక్కోండి. 12 అంగుళాల స్పీకర్ ఒకటి, 8 ఓమ్‌లు, నియోడిమియం అయస్కాంతం, ఒంటి చేత్తో మోయగలిగేది. కోన్ సైజు ఒక్కటే మంద్రాన్ని తేల్చదు, బాక్సు పరిమాణమూ దాని ట్యూనింగూ అంతే ముఖ్యం. బాగా కట్టిన 8 అంగుళాల జంట, నాసిరకం 15ని ఓడించడం చూశాను. ట్వీటర్ ఉంటే దానికి వేరే నాబ్ ఉందో లేదో చూడండి. పియెజో టక్‌టక్‌లన్నీ అక్కణ్నించే వస్తాయి, సగానికి తిప్పేస్తే ప్రాణం లేచొస్తుంది. 4 ఓమ్‌ల వరకే మోయగల యాంప్‌కి 8 ఓమ్‌ల బాక్సులు రెండు తగిలించవచ్చు, 4 ఓమ్‌లవి రెండు తగిలిస్తే యాంప్ పోతుంది. వాట్‌ల మోజు మాత్రం వద్దు. 100 నుంచి 200కి వెళ్తే పెరిగేది 3 డెసిబెల్స్, ఒక్క మెట్టు.

అమెరికా నుంచి తెచ్చే సామానులో నేను చూసిన ఎక్కువ నష్టాలు అడాప్టర్ దగ్గరే. అక్కడ 120 వోల్టులు, మనకి 230. ప్రీయాంప్ అడాప్టర్ మీద 100-240 అని లేకపోతే దాన్ని అక్కడే వదిలేసి రమ్మనండి, 9 వోల్టుల బ్యాటరీతో నడిపించండి లేదా ఇక్కడ సరైనది కొనండి.

అన్నయ్య ఆర్డర్ పెట్టకముందే మీరు చేయాల్సిన పని ఒకటుంది. బ్రిడ్జికి చక్రాలుంటే ఆ చక్రం తిరిగే మర మందం ఎంతో కొలవండి. 6 మిల్లీమీటర్లా, 8యా, పావు అంగుళమా, ఫుల్ సర్కిల్ ఆ కొలతని బట్టే ఎంచుకోవాలి. చక్రాలు లేకపోతే రెక్క చీలిక వెడల్పు కొలవండి. వెర్నియర్ లేకపోతే విజిటింగ్ కార్డులు ఒకదాని మీద ఒకటి పెట్టి, ఎన్ని దూరాయో చూసి, ఆ కట్టని స్కేలు మీద పెట్టి ఫోటో తీసి పంపండి.